బలవంతునితో చదరంగం

క్రీడ అనగానే పరుగు, దూకుడు, కండబలం మనస్సులో మెదలుతాయి. ఇరవై ఏళ్ల ప్రాయంలో వికసించి, నలభై ఏళ్లకే విశ్రాంతిని కోరే క్రీడలే ఎక్కువ. చదరంగం ఇందుకు భిన్నమైనది. అరవై నాలుగు గళ్ళ రణరంగంలో తాత, మనుమడు ఎదురెదురుగా కూర్చొని ఒకే నియమానికి కట్టుబడి పోరాడవచ్చు. అయితే నియమాలు సమానమైనంత మాత్రాన బలాలు సమానం కావు. తనకంటే బలవంతుడు ఎదురైనప్పుడు వయసు మళ్ళిన ఆటగాడు ఏ ధైర్యంతో బల్ల ముందు కూర్చుంటాడు?

పెద్దవారి కోసం ప్రపంచ సీనియర్ చదరంగ పోటీలు 1991లో మొదలయ్యాయి. తొలి విజేత రష్యాకు చెందిన వసీలీ స్మిస్లోవ్. అంతకు ఏడేళ్ల ముందు, 1984లో, అరవై ఏళ్లు దాటిన వయసులో ఆయన ప్రపంచ కిరీట పోటీదారుని నిర్ణయించే తుది పోరులో యువకుడైన కాస్పరోవ్‌తో తలపడి ఓడిపోయాడు. 2014 నుండి ఈ సీనియర్ పోటీలను యాభై ఏళ్లు పైబడినవారికి, అరవై ఐదేళ్లు పైబడినవారికి వేర్వేరుగా నిర్వహిస్తున్నారు. పూర్వపు మహాయోధులతోపాటు ఉద్యోగ విరమణ చేసిన సామాన్య క్రీడాకారులు కూడా వీటిలో పాల్గొంటారు. కనుక బలవంతుడు ఎదురుకావడం ఇక్కడ సర్వసాధారణం.

ఆటగాళ్ల బలాన్ని కొలిచే పద్ధతిని రూపొందించినవాడు హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఆచార్యుడు అర్పాద్ ఎలో. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించింది. గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర పాయింటు. ఇద్దరి మధ్య 200 రేటింగు అంతరం ఉంటే, నూరు ఆటలలో బలవంతుడు 76 పాయింట్లు, బలహీనుడు 24 పాయింట్లు సాధిస్తారని ఈ లెక్క చెబుతుంది. అంటే బలహీనునికి దారి ఇరుకైనదే గాని మూసుకుపోలేదు. పైగా, మార్పు గుణకం 20గా ఉన్న ఆటగాడు అటువంటి ఆటలో ఓడితే 5 రేటింగు పాయింట్ల లోపే కోల్పోతాడు. గెలిస్తే 15కు పైగా పొందుతాడు. పోగొట్టుకునేది స్వల్పం, పొందేది అధికం.

అయినా పలువురు ఆట మొదలు కాకముందే మనస్సులో ఓడిపోతారు. ప్రత్యర్థి పేరు చూసి బెదరి, డ్రా అయితే చాలునని పావులను వరుసగా మార్చుకుంటారు. ఆ మార్పిడిలో తమ స్థితి బలహీనపడుతున్న సంగతిని గమనించరు. మరికొందరు నిరాశతో తొందరపాటు దాడికి దిగి భంగపడతారు. ఈ రెండూ భయానికి రెండు ముఖాలు. వయసుతోపాటు లెక్కింపు వేగం, గంటల తరబడి కూర్చునే ఓపిక తగ్గుతాయి. స్థితిని చూడగానే దాని స్వభావాన్ని గ్రహించే నేర్పు మాత్రం అంత త్వరగా తరగదు. కనుక తనకు తెలిసిన ఆరంభాన్ని ఎంచుకోవడం, గడియారంలోని సమయాన్ని కీలక ఘట్టానికి దాచుకోవడం, ప్రతి ఎత్తులోనూ ఎదుటివాని పేరును కాక పావుల స్థితిని చూడడం వివేకం.

ఈ వివేకానికి నిలువెత్తు ఉదాహరణ విక్టర్ కోర్చ్‌నోయ్. 1931లో లెనిన్‌గ్రాడ్‌లో జన్మించిన ఆయన బాల్యంలోనే యుద్ధకాలపు నగర ముట్టడిని చవిచూశాడు. 1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన ప్రపంచ విజేత కార్పోవ్‌తో తలపడ్డాడు. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడే విజేత. 2–5తో వెనుకబడిన కోర్చ్‌నోయ్ తరువాతి నాలుగు ఆటలలో మూడింటిని గెలిచి 5–5కు చేరాడు. ముప్పై రెండవ ఆటలో ఓడి కిరీటాన్ని అందుకోలేకపోయాడు. ప్రపంచ కిరీటం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. అయినా ఆట మానలేదు. 2006లో, డెబ్బై ఐదవ ఏట, ప్రపంచ సీనియర్ విజేతగా నిలిచాడు.

2011లో జిబ్రాల్టర్‌లో జరిగిన పోటీ అన్ని వయసులవారికీ తెరచినది. అక్కడ ఆయనకు ప్రత్యర్థి పద్దెనిమిదేళ్ల ఫాబియానో కరువానా. అప్పటికే ఆ యువకుని రేటింగు 2700 దాటింది. ఇద్దరి మధ్య వయోభేదం అరవై ఒక్క ఏళ్లు. కోర్చ్‌నోయ్‌వి నల్లపావులు, అంటే మొదటి ఎత్తు వేసే అవకాశం కూడా ఎదుటివానిదే. అయినా గెలుపు ఆ డెబ్బై తొమ్మిదేళ్ల వృద్ధునిదే అయింది. ఓడిన కరువానా సామాన్యుడు కాడు. 2018లో ప్రపంచ కిరీటం కోసం కార్ల్‌సన్‌తో తలపడినవాడు.

కోర్చ్‌నోయ్ 2016లో కన్నుమూశాడు. ఆయన జీవితం బలవంతుని ఓడించడం సులభమని చెప్పదు. బాగియోలో ఆయన ఓడిపోయాడు గదా! బలాబలాల అంచనా ఆటకు ముందే తెలిసినా, ఫలితం మాత్రం ఎత్తు తరువాత ఎత్తుగా బల్ల మీదనే తేలుతుందని చెబుతుంది. ఎదుటివాని శక్తిని గౌరవిస్తూ, తన శక్తిని తక్కువ చేసుకోకుండా చివరి ఎత్తు వరకు ఆలోచించేవాడే నిజమైన ఆటగాడు.

ప్రశ్నలు

1. బలవంతునితో ఆడడం వల్ల బలహీనునికి నష్టం స్వల్పమని ఎలా చెప్పగలరు?
2. ‘భయానికి రెండు ముఖాలు’ అనే మాటను వివరించండి.
3. బాగియో, జిబ్రాల్టర్ పోటీల ఆధారంగా కోర్చ్‌నోయ్ వ్యక్తిత్వాన్ని విశ్లేషించండి.