వరిచేలలో ఎలుకల రాకపోకలు



ఎలుక యొక చేనికి కట్టుబడి యుండు జంతువు కాదు. తిండి, దాగుచోటు వెదకుకొనుచు, పైరు మారినకొలది తావు మార్చుకొనును. ఈ రాకపోకలు తెలిసినగాని నివారణ కుదరదు.

గోదావరి, కృష్ణా డెల్టాల వరిచేలకు మిక్కిలి నష్టము చేయునది చిన్న పందికొక్కు. వేసవిలో చేలు బీడుపడగా నిది కాలువగట్లను, పెద్దగట్లను చేరును. ఊడ్పులైన పిమ్మట చేనిలో నీరు నిలుచుటచే గట్లలోనే కాపురముండి, రాత్రులు దిగి దుబ్బులను ఏటవాలుగా కొరుకును. ఈదగలదు గనుక నీరు దాని కడ్డు కాదు. వెన్ను వేయుకాలమున కంకులను బొరియలోనికి చేర్చి దాచును. పిల్లలను విస్తారముగా పెట్టునదియు నప్పుడే. చూలు మూడు వారములే. కాన్పునకు ఆరేడు పిల్లలు. నీరు తీసి చేను ఆరగానే బొరియలు చేని నడుమకు వచ్చును.

కావున పైరు పొట్టకు రాకమునుపే, అనగా ఎలుకలు తక్కువగా నుండి, తిండి కరవైనప్పుడే, పని సాగింపవలెను.

1. దుక్కినాడే గట్లను చెక్కి సన్నము చేయుడు. లావుగట్టు ఎలుకకు ఇల్లు.

2. సాయంకాలము బొరియలన్నియు మూయుడు. తెల్లవారి తెరచియున్నవానిలోనే ఎలుక కలదని గ్రహింపుడు.

3. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ 0.25 శాతము మందు 2 పాళ్లు కలిపి, 15 గ్రాముల పొట్లము బొరియకొకటి లోపల నుంచుడు. ఇది మెల్లగా పనిచేయును గనుక ఎలుకకు అనుమానము కలుగదు. వట్టిచేతులతో కలుపరాదు. పిల్లలను, పశువులను దూరముగా నుంచి, చచ్చిన ఎలుకలను పాతిపెట్టుడు.

కొన్నియేండ్ల క్రిందట మా మాట విని యొక రైతు తన నాలుగెకరములలో ఎర పెట్టెను. ఎలుకలు చచ్చెను. నెల తిరుగకమునుపే ప్రక్కగట్ల ఎలుకలు వచ్చి ఖాళీబొరియలలో చేరెను. పొట్టపైరు పాడయ్యెను. ఆ రైతు లోపమేమియు లేదు. ఇరుగుపొరుగువారిని కూడగట్టకపోవుట మా లోపము.

ఎలుకకు సరిహద్దురాయి తెలియదు. ఒకని చేను శుభ్రమైన, అది పొరుగు ఎలుకలకు విడిదియగును. కావున సంఘ సభ్యులు సమావేశమై, మందు ఉమ్మడిగా తెప్పించి, యొక దినము నిర్ణయించుకొని, కాలువగట్లు, బంజరు సహా ఊరి ఆయకట్టంతట నొక్కమారే యెర పెట్టవలెను. ఈ పని ఒంటరిగా చేసిన ఖర్చు, కలసి చేసిన లాభము.