నీటితిత్తుల జబ్బు – రోగి ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు



“కాలేయంలో నీటితిత్తి ఉంది, ఆపరేషను అవసరం కావచ్చు” అని డాక్టరుగారు చెప్పినప్పుడు మీ గుండె గుభేలుమని ఉంటుంది. ఇది క్యాన్సరేమోనని ఒకరికి భయం. పిల్లలకు అంటుకుంటుందేమోనని మరొకరికి దిగులు. ఎవరో చేతబడి చేశారని ఊళ్ళో ఇంకొక మాట. స్కానింగు కాగితం చేతిలో పట్టుకొని వార్డు బయట బల్ల మీద కూర్చున్న మీకోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ధైర్యం తెచ్చుకోండి. ఇది క్యాన్సరు కాదు, చేతబడి అంతకన్నా కాదు. కంటికి కనబడని ఒక పురుగు గుడ్డు లోపలికి పోయి పెరిగిన తిత్తి ఇది. దీనికి వైద్యం ఉంది. అయితే ఒక సంగతి మరచిపోకండి. వైద్యం మీవారి ఒంట్లోని తిత్తిని నయం చేస్తుంది గాని, అది వచ్చిన దారిని మూసివేయదు. ఆ దారి మీ ఊళ్ళో, ఒక్కొక్కసారి మీ వాకిట్లోనే ఉంటుంది. దాన్ని మూయవలసినవారు మీరే.

తిత్తి ఎక్కడినుండి వచ్చింది?

కుక్క పేగులో ఒక రకం బద్దెపురుగు ఉంటుంది. డాక్టర్లు దీన్ని ఎకినోకాకస్ అంటారు. బద్దెపురుగు అనగానే మూరల పొడవున్న పురుగు గుర్తుకు వస్తుంది. కాని ఇది 2 నుండి 7 మిల్లీమీటర్లు మాత్రమే, మహా అయితే ఒక బియ్యపు గింజంత. ఇలాంటివి ఒక్క కుక్కలో వేలకొద్దీ ఉండవచ్చు. అయినా ఆ కుక్క బాగానే తింటుంది, ఆడుతుంది, కాపలా కాస్తుంది. దాన్ని చూసి ఎవరూ జబ్బు ఉందని అనుకోరు.

ఈ పురుగు బ్రతుకు ఇలా సాగుతుంది:

1. పురుగు గుడ్లు కుక్క మలంతో బయటికి వస్తాయి. మట్టిలో, గడ్డి మీద, నీటిలో కలుస్తాయి. తేమ, చల్లదనం ఉన్నచోట నెలల తరబడి చావకుండా ఉంటాయి.

2. ఆ గడ్డి మేసిన గొర్రె, మేక, ఆవు, గేదె కడుపులోకి గుడ్లు పోతాయి. అక్కడ పగిలి, లోపలి పిల్ల రక్తంలో కలిసి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరుతుంది. అక్కడ నీటితో నిండిన తిత్తిగా మారుతుంది. మాంసం కొట్టేటప్పుడు కార్జం మీద తెల్లని నీటిబుడగలు మీలో చాలామంది చూసే ఉంటారు.

3. ఆ బుడగలున్న ముక్కను కోసి, “ఇది పనికిరాదు” అని పక్కనున్న కుక్కకు విసిరేస్తారు. ఆ నీటిలో ఇసుక రేణువుల్లాంటి పురుగు పిల్లలు ఎన్నో ఉంటాయి. అవి కుక్క పేగులో చేరి, సుమారు 6, 7 వారాల్లో పెద్ద పురుగులై గుడ్లు పెట్టసాగుతాయి. కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

మనిషి ఈ వరుసలో పొరపాటున తగులుకుంటాడు. కుక్కను నిమిరిన చేతులు కడుక్కోకుండా అన్నం తిన్నప్పుడు, మట్టిలో ఆడిన పిల్లవాడు వేలు నోట్లో పెట్టుకున్నప్పుడు, కడగని ఆకుకూర, కొత్తిమీర, క్యారెట్టు పచ్చిగా తిన్నప్పుడు, కుక్కలు తిరిగే కుంట నీళ్ళు తాగినప్పుడు గుడ్లు మన కడుపులోకి పోతాయి. కుక్క తన ఒళ్ళు తానే నాకుతుంది కనుక దాని వెంట్రుకలకు, మూతికి కూడా గుడ్లు అంటుకొని ఉంటాయి.

మాంసం తిన్నందువల్ల వచ్చిందా?

కాదు. చాలామంది ఈ విషయంలో పొరబడతారు. గొర్రె మాంసంలోని తిత్తివల్ల మనిషికి ఈ జబ్బు రాదు. కుక్క మలంలోని గుడ్డు నోట్లోకి పోతేనే వస్తుంది. అందుకే జన్మలో మాంసం ముట్టనివారికి కూడా వస్తుంది. రోగి పక్కన కూర్చుంటే, కలిసి తింటే, ఒకే పక్క మీద పడుకుంటే అంటుకోదు. కాబట్టి మీవారికి వేరే పళ్ళెం, వేరే గది పెట్టి మనసు కష్టపెట్టకండి.

కాని ఒక సంగతి ఆలోచించండి. మీవారు తాగిన నీళ్ళే మీరూ తాగారు, ఆ కుక్కతోనే మీ పిల్లలూ ఆడారు. అందుచేత ఇంట్లో మిగతావారికి కూడా ఒకసారి కడుపు స్కానింగు చేయించడం అవసరమేమో డాక్టరుగారిని అడగండి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

సుమారు 10 మందిలో ఏడుగురికి తిత్తి కాలేయంలో ఉంటుంది, ఇద్దరికి ఊపిరితిత్తుల్లో. మిగిలినవారికి మెదడు, మూత్రపిండాలు, ఎముకలు, ఇలా ఎక్కడైనా రావచ్చు. తిత్తి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కొన్నేళ్ళపాటు, ఒక్కొక్కప్పుడు పదేళ్ళు దాటినా, ఏ బాధా ఉండదు. చిన్నతనంలో మింగిన గుడ్డు నడివయసులో బయటపడవచ్చు. “నిన్నటిదాకా బాగానే ఉన్నాడు” అని మీరనడంలో తప్పులేదు.

తిత్తి పెద్దదయ్యాక కుడి డొక్కలో బరువు, నొప్పి, కడుపు ఉబ్బినట్టుండడం, వాంతి, కొందరికి కామెర్లు కనబడతాయి. ఊపిరితిత్తిలో ఉంటే దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తాయి.

అసలు ప్రమాదం తిత్తి పగలడంలో ఉంది. లోపలి నీరు ఒంట్లో ఒలికితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, రక్తపోటు పడిపోయి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ నీటిలోని పిల్లలు పడినచోటల్లా కొత్త తిత్తులు కూడా లేస్తాయి. కాబట్టి కడుపు గట్టిగా మర్దన చేయించడం, వాతలు పెట్టించడం, నాటువైద్యుని చేత సూదితో గుచ్చించడం ఎంతమాత్రం చేయకండి. బరువులెత్తడం, దెబ్బలు తగిలే ఆటలు వద్దు.

కింది గుర్తుల్లో ఏది కనబడినా, రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి:

• ఉన్నట్టుండి భరించరాని కడుపునొప్పి
• దద్దుర్లు, దురదతో పాటు ఆయాసం, కళ్ళు తిరగడం
• దగ్గుతో ఉప్పగా ఉండే నీరు, ద్రాక్షపండు తొక్కల్లాంటి తెల్లని పొరలు పడడం
• చలిజ్వరం, కళ్ళు పచ్చబడడం

వైద్యం ఎలా చేస్తారు?

అందరికీ ఒకే వైద్యం ఉండదు. స్కానింగులో తిత్తి ఎంత పెద్దది, ఎక్కడుంది, ఏ దశలో ఉంది అని చూసి నిర్ణయిస్తారు. చిన్న తిత్తులకు మాత్రలు సరిపోవచ్చు. కొన్నింటిని స్కానింగులో చూస్తూ సన్నని సూదితో నీరు తీసి, లోపల మందు పోసి, మళ్ళీ తీసివేస్తారు. ఇది ముందుగా మాత్రలు ఇచ్చి, ప్రమాదం వస్తే ఎదుర్కొనే ఏర్పాట్లన్నీ పెట్టుకొని చేసే పని. నాటుసూదికీ దీనికీ పోలిక లేదు. పెద్దవాటికి, పగిలేలా ఉన్నవాటికి ఆపరేషను చేస్తారు. పురుగు చచ్చి గట్టిపడిన తిత్తిని ఏమీ చేయకుండా, అప్పుడప్పుడు స్కానింగు తీసి కనిపెట్టి చూస్తారు. “పక్క మంచం ఆయనకు ఆపరేషను చేశారు, మావాడికి ఎందుకు చేయరు?” అని కంగారుపడవలసిన పనిలేదు.

ఆల్బెండజోల్ మాత్రలు సాధారణంగా నెలల తరబడి వాడవలసి వస్తుంది. ఖాళీ కడుపున కాకుండా, కొంచెం నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుంది. నడుమ రక్తపరీక్షలు చేస్తారు, ఎందుకంటే మందు కొందరికి కాలేయం మీద, రక్తకణాల మీద ప్రభావం చూపవచ్చు. గర్భవతులు, గర్భం రావచ్చునన్న అనుమానం ఉన్నవారు ఆ మాట డాక్టరుగారికి ముందే చెప్పాలి.

“బడిలో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇచ్చారు కదా, అది చాలదా?” అని కొందరు అడుగుతారు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ కార్యక్రమంలో ఇచ్చే మాత్ర కూడా ఆల్బెండజోలే. అయితే ఆ ఒక్క మోతాదు పేగులోని నులిపురుగులకే. కాలేయంలో పాతుకుపోయిన తిత్తికి అది సరిపోదు.

నొప్పి తగ్గింది, కుట్లు మానాయి కదా అని మానుకోకండి. తిత్తి మళ్ళీ రావచ్చు. చెప్పిన తేదీలకు కొన్నేళ్ళపాటు స్కానింగుకు రావాలి. తేదీలు రోగికి గుర్తుండకపోవచ్చు. మీలో ఒకరు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

మెదడులో తిత్తులు – ఇది మరొక పురుగు

మూర్ఛలు వచ్చి చేరినవారి ఇంటివాళ్ళు కూడా “పురుగు తిత్తి” అనే మాట వింటారు. అది వేరే జబ్బు. పందిలో పెరిగే బద్దెపురుగు వల్ల వస్తుంది. సరిగా ఉడకని పంది మాంసం తిన్న మనిషి పేగులో ఈ పురుగు కొన్ని మీటర్ల పొడవు పెరుగుతుంది. దాని గుడ్లు ఆ మనిషి మలంతో బయటికి వస్తాయి. ఆ గుడ్లు చేతుల ద్వారా, నీటి ద్వారా, కూరగాయల ద్వారా ఎవరి కడుపులోకి పోయినా, మెదడులో చిన్న తిత్తులు ఏర్పడి మూర్ఛలు రావచ్చు. ఆరుబయట మలం తిన్న పందికి కూడా కండలో సగ్గుబియ్యం గింజల్లాంటి తిత్తులు వస్తాయి.

ఇక్కడ దోషం కుక్కది కాదు, ఆరుబయట మలవిసర్జనది. మరుగుదొడ్డి వాడడం, సబ్బుతో చేతులు కడగడం, పంది మాంసం లోపలిదాకా ఉడికించడం దీనికి నివారణ. మూర్ఛ మందు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకండి. మందుల షాపులో అడిగి పురుగుల మాత్రలు సొంతంగా ఇవ్వకండి. మెదడులోని పురుగు ఒక్కసారిగా చస్తే వాపు వచ్చి ప్రమాదం కలగవచ్చు.

ఇంటికి వెళ్ళాక మీరు చేయవలసినవి

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశం మొత్తంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవది. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది. గొర్రెను, కుక్కను వదిలి మన పల్లెలు బ్రతకలేవు, వదలమని మేమూ అనము. ఈ పనులు మాత్రం చేయండి:

1. పెళ్ళికి గాని, జాతరకు గాని, క్రిస్మస్ విందుకు గాని గొర్రెను కోసినప్పుడు పచ్చి కార్జం, ఊపిరితిత్తులు, పేగులు కుక్కలకు వేయకండి. నీటిబుడగలున్న భాగాలను కాల్చివేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చి పైన రాళ్ళు పెట్టండి. కుక్కకు పెట్టాలనుకుంటే అరగంటకు తగ్గకుండా తెర్లే నీటిలో ఉడికించి పెట్టండి.

2. చచ్చిన గొర్రెను పొలం గట్టున పారవేయకండి. పూడ్చిపెట్టండి.

3. పెంపుడు కుక్కకు పశువైద్యుని అడిగి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించండి. ఒక్కసారి వేస్తే చాలదు. సంవత్సరానికి కనీసం నాలుగుసార్లు వేయాలి. మందు వేసిన తరువాత రెండు మూడు రోజులు కట్టివేసి, దాని మలాన్ని పూడ్చివేయండి లేదా కాల్చివేయండి.

4. కుక్కను ముట్టుకున్నాక, పొలం పని అయ్యాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. పిల్లల గోళ్ళు కత్తిరించండి. కుక్కచేత మూతి నాకించుకోనివ్వకండి.

5. పచ్చిగా తినే కూరగాయలు ధారగా పోసిన నీటిలో రెండు మూడుసార్లు కడగండి. చెరువు, కుంట నీళ్ళయితే కాచి తాగండి.

కుక్కను కొట్టి తరిమేస్తే సరిపోతుందనుకోకండి. అది పక్క వీధికి పోయి అక్కడ అదే పని చేస్తుంది. పురుగును దానికి తినిపించింది మనమే. నోరులేని ఆ జీవానికి ఒక మాత్ర వేయిస్తే దానికీ మేలు, మనకూ మేలు.

ఒక చిన్న పుస్తకం చేసిన మేలు

“మా ఒక్క ఇల్లు మారితే ఊరు మారుతుందా?” అని మీకు అనిపించవచ్చు. ఈ జబ్బును ఇంటింటి ప్రయత్నంతో వెళ్ళగొట్టిన దేశం ఒకటుంది. యూరపుకు ఉత్తరాన సముద్రంలో ఉన్న ఐస్‌లాండ్ గొర్రెల మీద బ్రతికిన దేశం. 19వ శతాబ్దంలో అక్కడ ఈ జబ్బు ప్రపంచంలో మరెక్కడా లేనంతగా ఉండేది. 1863లో డెన్మార్క్ నుండి హెరాల్డ్ క్రాబ్ అనే శాస్త్రవేత్త వచ్చి కుక్కలను పరీక్షించి, సామాన్యులకు అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని అచ్చు వేసి ఇంటింటికీ ఉచితంగా పంచారు. అందులో చెప్పినవి మనం పైన చెప్పుకున్న సంగతుల్లాంటివే. 1890లో చట్టం కూడా వచ్చింది. ఆ తరువాత పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు తగ్గిపోతూ వచ్చి, చివరికి ఆ దేశంలోనే లేకుండా పోయింది. ఆ రోజుల్లో స్కానింగు లేదు, ఇప్పటి మాత్రలూ లేవు. తిత్తులున్న ముక్కను కుక్కకు వేయకూడదని ఇంటింటా తెలుసుకున్నారు, దాని ప్రకారం నడిచారు.

మీ చేతిలో ఉన్నదీ ఒక చిన్న పుస్తకమే. చదివాక మీవద్దే ఉంచుకోకుండా మీ ఊళ్ళో మాంసం కొట్టేవారికి, మంద కాచేవారికి, బడి పంతులుగారికి చదివి వినిపించండి. మీవారు అనుభవించిన నొప్పి మరొక ఇంటికి రాకుండా చేయడం కూడా పొరుగువారిని ప్రేమించడమే.

దేవుడు మీవారికి త్వరగా స్వస్థత నిచ్చి, మీ ఇంటిని కాపాడును గాక.