కోర్లన్నీ నిద్రపోతేనే బ్యాటరీ నిలుస్తుంది

ప్రశ్న: మా రొయ్యల చెరువు గట్టున ఆక్సిజన్ మీటరుకు నాలుగు కోర్ల లినక్స్ బోర్డు పెట్టాం. పెద్దగా పని లేకున్నా తెల్లారేలోపే బ్యాటరీ అయిపోతోంది. ఎందుకండీ?
– ఒక రైతు, రేపల్లె

జవాబు: ఆర్మ్ ప్రాసెసర్లలో తేలికపాటి నిద్రలో కోర్ క్లాక్ మాత్రమే ఆగుతుంది. లోతైన నిద్రలో ఆ కోర్‌కు కరెంటే ఆగుతుంది. అన్ని కోర్లూ అలా పడుకుంటేనే ఉమ్మడి క్యాష్‌తో సహా ఆ కోర్ల గుంపు (క్లస్టర్) మొత్తం ఆగే వీలుంటుంది. ప్రోగ్రామ్ క్షణక్షణం సెన్సర్‌ను అడుగుతుంటే ఆ అవకాశమే రాదు.

లినక్స్ సిస్‌ఎఫ్‌ఎస్ (/sys)లో ప్రతి కోర్ కిందా ఉండే సీపీయూఐడిల్ ఫోల్డర్ తెరవండి. అందులో ఒక్కో నిద్ర స్థితికీ ఉండే ఫోల్డర్‌లోని ‘టైమ్’ ఫైలు, కోర్ ఆ నిద్రలో ఎన్ని మైక్రోసెకన్లు గడిపిందో చెబుతుంది. లోతైన స్థితి కనిపించకపోతే మీ కెర్నెల్ దాన్ని వాడుకోవడం లేదన్నమాట.

రీడింగుల మధ్య ప్రోగ్రామ్‌ను కొన్ని నిమిషాలు పడుకోబెట్టండి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ మీటరు ఆగకూడదు.