విమానముల మరమ్మతు: చేయునది ఎవరు, సంతకము ఎవరిది?

ఏర్గట్ల, మోర్తాడు, కమ్మర్‌పల్లి ప్రాంతములలో దుబాయికో మస్కటుకో పోయి వచ్చిన మనిషి లేని వాడ అరుదు. 2008 మార్చి వరకు బేగంపేట నుండి, ఆ తరువాత శంషాబాదు నుండి మనవారు విమానమెక్కుచున్నారు. కిటికీ ప్రక్కన కూర్చున్నవారు క్రిందికి చూచినచో, రెక్క క్రింద ఒక మనిషి టార్చిలైటు పట్టుకొని చక్రములను, ఇంజను ముఖమును పరికించుచు కనిపించును. అతనిని గురించి విచారించువారు తక్కువ. జక్రాన్‌పల్లి వద్ద విమానాశ్రయము వచ్చునను మాట మనము చాల ఏండ్లుగా వినుచున్నాము. ఆ మాట విని మన విద్యార్థులు కొందరు విమాన మెకానిక్ చదువును గురించి మమ్ములను అడుగుచున్నారు. ఆ వృత్తిలో ఉన్నవారు నేడు దేనికి కలత చెందుచున్నారో ముందుగా తెలిసికొనుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

విమానపు మరమ్మతు ముఖ్యముగా రెండు విధములు. దిగిన విమానము మరల ఎగురులోపల టైర్లు, బ్రేకులు, నూనె మొదలైనవి చూచుట లైన్ మెయింటెనెన్సు. విమానమును హ్యాంగరులోనికి చేర్చి విప్పి చూచుట బేస్ మెయింటెనెన్సు. ఇందులో సీ-చెక్ అనునది సుమారు ఒకటిన్నర, రెండు సంవత్సరముల కొకసారి వచ్చును. ఇంకను పెద్ద తనిఖీ ఆరు మొదలు పది పన్నెండేండ్ల కొకమారు జరుగును. అప్పుడు సీట్లు, గోడపలకలు, నేలపలకలు తీసివేసి, లోపలి లోహములో తుప్పు గాని సన్నని పగులు గాని ఉన్నదేమోనని వెదకుదురు. దీనికి వారములు, ఒక్కొక్కసారి నెలలు పట్టును.

బోధన్ వారికి ఇది క్రొత్త సంగతి కాదు. చెరకు క్రషింగు సీజను ముగిసిన పిదప చక్కెర ఫ్యాక్టరీలో ఓవర్‌హాలింగు ఉండెడిది. మిల్లు రోలర్లను విప్పుట, బాయిలరు గొట్టములను తోముట, బేరింగులను మార్చుట అప్పటి పనులు. సీజనులో ఏదైనా చెడినచో క్రషింగు ఆగును, చెరకు బండ్లు గేటు వద్ద నిలిచిపోవును. ఆకాశములో అట్లు నిలుచుటకు చోటు లేదు.

అందువలననే ఈ వృత్తిలో సంతకమునకు అంత విలువ. పని ముగిసిన తరువాత లైసెన్సు గల ఇంజనీరు పత్రము మీద సంతకము చేయనిదే విమానము కదలరాదు. మన దేశములో ఆ లైసెన్సును పౌర విమానయాన డైరెక్టరేటు, అనగా డీజీసీఏ, ఇచ్చును. యంత్రభాగములకు బీ-1, విద్యుత్తు మరియు ఎలక్ట్రానిక్ పరికరములకు బీ-2, బేసులో పెద్ద తనిఖీ ముగిసిన విమానమును విడుదల చేయుటకు సీ అను తరగతులు కలవు. వీరి క్రింద లైసెన్సు లేని టెక్నీషియన్లు పని చేయుదురు. హైదరాబాదు మెకానిక్ షెడ్లలో ఉస్తాదు, షాగిర్దు అను మాటలు మనమందరము విన్నవే. హ్యాంగరులోని సంబంధమును చెప్పుటకు అంతకంటె దగ్గరి మాటలు మాకు తోచలేదు. పుస్తకములో నట్టు బిగింపు కొలత వ్రాసి ఉండును. తుప్పుపట్టిన నట్టును భాగము చెడకుండ ఎట్లు విప్పవలెనో ఉస్తాదు చేయి చెప్పును.

ఇక హైదరాబాదు సంగతి. 1945లో నిజాం సంస్థానము, టాటా సంస్థ కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగా డకోటా విమానములను నడిపినది. 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టము వలన అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసినది. విమానము ఎవరిదో మెకానిక్ వారివాడే అనునది ఆనాటి పద్ధతి. తరువాత ఆ ముడి సడలినది. ఎయిరిండియా ఇంజనీరింగు విభాగమును వేరుచేయుటకై 2004లో ఒక అనుబంధ సంస్థ ఏర్పడినది. 2013 నుండి అది నిజముగా వేరుగా నడువసాగినది. ఇంజనీర్ల సంఘములు అప్పుడే ఆందోళన వెలిబుచ్చినవి. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల పరమైనది, మరమ్మతు సంస్థ మాత్రము ప్రభుత్వము చేతనే మిగిలినది. దానికి శంషాబాదులోను హ్యాంగరు కలదు. నిన్నటి వరకు ఇంటి పనిగా చేసిన దానిని ఇప్పుడు బయటివారుగా, ఒప్పందము మీద చేయవలసి వచ్చినది. ఆ ఎయిరిండియా 2024లో బెంగుళూరులో తన సొంత మరమ్మతు బేసు నిర్మాణమును ఆరంభించినది. ఒక హ్యాంగరులో పని చేయు మనిషికి ఈ వార్త ఎట్లు వినిపించునో ఊహించుట కష్టము కాదు.

అయితే ఇందులో రెండవ పార్శ్వము కూడ ఉన్నది, దానిని దాచుట న్యాయము కాదు. శంషాబాదులో జీఎంఆర్ సంస్థ మొదట మలేషియా వారి భాగస్వామ్యముతో మరమ్మతు కేంద్రమును నెలకొల్పి, తరువాత తానే నడుపుచున్నది. అక్కడ అనేక విమాన సంస్థల విమానములు తనిఖీకి వచ్చును. మన దేశపు విమానములు చాలకాలము పెద్ద తనిఖీలకై విదేశములకు పోయెడివి. 2020 ఏప్రిల్ 1 నుండి ఈ సేవల మీద జీఎస్టీని 18 శాతము నుండి 5 శాతమునకు తగ్గించుటకు ఒక కారణము అదియే. 2025 నవంబరులో ఫ్రాన్సు దేశపు సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రము శంషాబాదులో ప్రారంభమైనది. పూర్తి స్థాయికి వచ్చినచో సంవత్సరమునకు 300 ఇంజన్లను బాగుచేయగలదని చెప్పుచున్నారు. అనగా, మెకానిక్కులు ఏ బయటి ఒప్పందములకు భయపడుచున్నారో, ఆ ఒప్పందముల మీదనే మన శంషాబాదు హ్యాంగర్లలో పని నడుచుచున్నది. ఒకచోట పోయిన పని మరియొకచోట ఉద్యోగమగుచున్నది. ఒప్పందముతో వచ్చినది ఒప్పందముతోనే పోవచ్చును కూడ.

అమెరికాలో ఇది ముందే జరిగినది. యునైటెడ్ సంస్థ ఇండియానాపొలిస్ నగరములోని పెద్ద మరమ్మతు బేసును 2003లో మూసి, ఆ పనిని బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చినది. 2005 ఆగస్టులో నార్త్‌వెస్ట్ సంస్థలో సుమారు 4,400 మంది మెకానిక్కులు, శుభ్రపరచు సిబ్బంది సమ్మె చేసినారు. సంస్థ వారి స్థానములో వేరొకరిని పెట్టుకొని, చాల పనిని బయటికి పంపి, విమానములను నడుపుచునే ఉన్నది. సమ్మె వలన పాత ఉద్యోగములు తిరిగి రాలేదు.

జీతము మాట అటుంచుదము. ప్రయాణికునికి దీనితో ఏమి సంబంధము? 1996 మే 11న వాల్యూజెట్ విమానము మంటలంటుకొని ఫ్లోరిడా చిత్తడి నేలలో కూలి 110 మంది మరణించినారు. కాలము తీరిన ఆక్సిజన్ జనరేటర్లను బయటి మరమ్మతు సంస్థ రక్షణ మూతలు లేకుండనే పెట్టెలలో సర్ది అదే విమానములో పంపినది. మూతలు పెట్టినట్లు కాగితము మీద మాత్రము సంతకములు ఉన్నవి. 2003 జనవరి 8న షార్లెట్ వద్ద ఎయిర్ మిడ్‌వెస్ట్ విమానము కూలి 21 మంది మరణించినారు. బరువు లెక్కలోను పొరపాటున్నది గాని, ముఖ్యమైనది వేరు. రెండు రాత్రుల ముందు ఎలివేటరు కేబులును తప్పుగా సరిచేసినారు. ఆ పనిని విమాన సంస్థ ఒక కాంట్రాక్టరుకు, అతడు మనుషుల కొరకు మరొక కాంట్రాక్టరుకు అప్పగించినారు. ఆ మెకానిక్కు అటువంటి విమానము మీద ఆ పని చేయుట అదే మొదటిసారి. పైన చూచువాడు కొన్ని మెట్లను వదలివేయుటకు సమ్మతించినాడు.

సొంత బేసు ఉన్నంత మాత్రమున ప్రమాదము రాదనలేము. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానము సముద్రములో పడి 88 మంది మరణించినారు. తోక భాగములోని జాక్‌స్క్రూకు తగినంత గ్రీజు లేక మర అరిగిపోయినది. దాని నట్టును మార్చవలెనని 1997లో ఆ సంస్థ సొంత బేసులోని మెకానిక్కే వ్రాసినాడు. తరువాతి షిఫ్టులో మరల కొలిచి, పనికివచ్చునని విడిచినారు. కనుక బయటివాడా లోపలివాడా అనుటకంటె, కాదని వ్రాసిన వాని మాట నిలుచునా లేదా అని అడుగవలెనని మా అభిప్రాయము. నిర్ణీత కాలపు ఒప్పందము మీద ఉండి, వచ్చే యేడు పని ఉండునో లేదో తెలియని మనిషి, ఉదయము ఎగురవలసిన విమానమును ఆపుచున్నానని చెప్పుటకు ఎంత గుండె కావలెను!

బేసు మూతపడినప్పుడు పోవునది షెడ్డు మాత్రమే కాదని చెప్పుటకు మనకు అమెరికా వరకు పోనక్కరలేదు. 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2002లో అధిక వాటా ప్రైవేటు వారికి పోయినది. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్, మెట్‌పల్లి వద్ద ముత్యంపేట, మెదక్ వైపు మంబోజిపల్లి యూనిట్లు మూడును మూతపడినవి. రోలరు చప్పుడును బట్టి బేరింగు స్థితి చెప్పగల ఫిట్టర్లు చెల్లాచెదరైనారు. యంత్రములను మరల కొనవచ్చును గాని, ఆ చెవులను ఏ టెండరులో పిలువగలరు?

ఈ చదువు కోరు విద్యార్థులకు రెండు మాటలు. భౌతిక, రసాయన, గణిత శాస్త్రములతో ఇంటర్మీడియటు చదివినవారు దీనికి అర్హులు. చేరబోవు సంస్థకు డీజీసీఏ వారి కార్-147 ఆమోదము ఉన్నదేమో ఫీజు కట్టుటకు ముందే చూడవలెను. కోర్సు సర్టిఫికెట్టు వేరు, లైసెన్సు వేరు. లైసెన్సుకు మాడ్యూలు పరీక్షలే గాక, నిజమైన విమానము మీద పని చేసినట్లు లాగ్‌బుక్కు కూడ కావలెను. తరగతి గదిలోని బోర్డు మీద కాక, ఎగురు విమానము మీద ఎన్ని నెలలు చేయి పెట్టనిత్తురు, ఏ హ్యాంగరులో, ఏ ఇంజనీరు క్రింద అని అడుగుడు. జవాబు తడబడినచో ఆ డబ్బును ఇంటికి తిరిగి తెచ్చుకొనుడు. లాగ్‌బుక్కులో చేయని పనిని చేసినట్లు వ్రాసి తెమ్మని ఎవరైనను అన్నచో, వాల్యూజెట్ పెట్టెల మీది సంతకములను తలచుకొనుడు.