రోజ్‌మేరీ మొక్కను పెంచడం ఎలా?

మన వంటగది వెనక గట్టు మీద కుండీల్లో ఉన్నవి సరుగుడు మొక్కలు కావు. అందరూ అలాగే అడుగుతున్నారు. దాని పేరు రోజ్‌మేరీ. ఆకు నలిపి చూడండి, కర్పూరం లాంటి వాసన వస్తుంది.

ఇది తులసి కుటుంబానికి చెందిన పొద. లేత కొమ్మను వేళ్ళతో తిప్పితే తులసి కొమ్మలాగే నాలుగు పలకలుగా తగులుతుంది. దీని స్వస్థలం మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఉన్న స్పెయిన్, ఇటలీ, గ్రీసు వంటి దేశాలు. 2017లో శాస్త్రజ్ఞులు దీన్ని సాల్వియా ప్రజాతిలో కలిపారు. ఇప్పుడు శాస్త్రీయ నామం సాల్వియా రోస్మరైనస్.

కిందటేడు జూన్‌లో సైన్సు సారు రెండు మొక్కలు తెచ్చారు. ఒకటి నేనే చంపాను. నీళ్ళ డ్యూటీ నాది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. జూలైలో వానలు పడుతున్నా మానలేదు. ఆకులు నల్లబడి రాలుతుంటే ఎండిపోతోందనుకుని ఇంకా పోశాను. పీకి చూస్తే వేర్లు నల్లగా, మెత్తగా, కుళ్ళు వాసన. నీళ్ళు పొయ్యలేదని అందరూ నన్నే అన్నారు. చాలా ఏడుపొచ్చింది.

తరువాత సోషల్‌లో మధ్యధరా శీతోష్ణస్థితి పాఠం చదివితే తెలిసింది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. మనకి వానాకాలం వేరు కదా. ఆ ఎండకి తట్టుకోడానికే దీని ఆకు సన్నగా ఉండి అంచులు కిందికి ముడుచుకుంటాయి. అడుగున తెల్లటి నూగు ఉంటుంది. అందువలన నీరు తక్కువగా ఆవిరవుతుంది. నీళ్ళు తక్కువైతే ఓర్చుకుంటుంది గాని వేర్ల దగ్గర నిలిస్తే ఓర్వలేదు.

రెండోది వరండాలో ఉండబట్టి బతికింది. దసరా సెలవుల్లో మా అమ్మకి చెప్పాను. అమ్మ చదువుకోలేదు. "పల్లంలో వేస్తే అల్లం దుంప కుళ్ళదా? బోదె మీద పెట్టు" అంది. నాకు ఎందుకు తట్టలేదో! వచ్చాక మట్టిలో సగం వాగు ఇసుక కలిపి, జానెడు ఎత్తు బోదె చేసి నాటాను. ఆరు గంటలైనా ఎండ తగలాలి. పేడ ఎరువు పిడికెడు చాలు. వేలు గుచ్చి చూసి, లోపల పొడిగా ఉంటేనే నీళ్ళు పోయాలి.

గింజలు మొలవడం ఆలస్యం, కొమ్మ నాటడమే మంచిది. పూత లేని లేత కొమ్మను 10 సెంటీమీటర్లు తుంచి, కింది సగం ఆకులు దూసేసి, ఇసుక మట్టిలో గుచ్చి నీడలో పెట్టాలి. వేరు వచ్చేదాకా మాత్రం కొంచెం తడి ఉండాలి. నవంబరులో నేను ఆరు గుచ్చితే నాలుగు బతికాయి. కుండీల్లో ఉన్నవి అవే. పెద్ద మొక్కను ముదురు కర్రదాకా ఎవరూ కొయ్యవద్దు, అక్కడ మళ్ళీ చిగురు రావడం కష్టం.

కూరలో వెయ్యొచ్చా అని వార్డెన్ మేడమ్ గారు అడిగారు. బంగాళాదుంప వేపుడులో ఒక రెమ్మ వెయ్యొచ్చండి, ఎక్కువైతే చేదు.

ఇంకోటి. ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు కంచాలు కడిగిన నీళ్ళు ఆ కుండీల్లో పోస్తున్నారు. పక్కనే అరటి మొక్క ఉంది, దానికి పొయ్యండి.