కంప్యూటర్ నెమ్మదిగా నడిస్తే పాడైపోయినట్టేనా?

ల్యాబులో ఒక కంప్యూటర్ నెమ్మదిగా నడిస్తే "ఇది పాడైపోయింది" అని పక్కన పెట్టేస్తాం. అప్పుడు మిగిలిన వాటి దగ్గర నలుగురేసి కూర్చోవాలి. వెనకున్న వాళ్ల వంతు రానే రాదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ప్రాసెసర్ అంటే ఏమిటి?
మనం సీపీయూ అని పిలిచే పెద్ద డబ్బా ప్రాసెసర్ కాదు. డబ్బా లోపల బోర్డు మీద ఉండే చిన్న చిప్పు ప్రాసెసర్. లెక్కలన్నీ చేసేది అదే. దాని వేగాన్ని గిగాహెర్ట్జ్‌లలో చెప్తారు. 1 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల టిక్కులు. 3 అని ఉంటే 300 కోట్లు.

వేగం ఎలా చూడాలి?
విండోస్ 10, 11లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత సీపీయూ నొక్కాలి. బేస్ స్పీడ్ అంటే కంపెనీ చెప్పిన వేగం. స్పీడ్ అంటే ఇప్పుడు నడుస్తున్న వేగం.

వేగం ఎందుకు తగ్గుతుంది?
1. పని లేనప్పుడు: కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ తానే వేగం తగ్గించుకుంటుంది. ఇది జబ్బు కాదు. ఏదైనా పెద్ద పని ఇచ్చి మళ్లీ చూడండి. అంకె పెరిగితే అంతా బాగున్నట్టే.
2. సెట్టింగు: కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ చూడండి. పవర్ సేవర్ ఉంటే బ్యాలెన్స్‌డ్ పెట్టండి. లోపల మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 శాతం ఉండాలి.
3. వేడి: మోపు ఎత్తుకుని ఎండలో గుట్ట ఎక్కేటప్పుడు పడిపోకుండా నెమ్మదిగా నడుస్తాం కదా, ఇదీ అంతే. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి కాలిపోకుండా వేగం తగ్గించుకుంటాయి. మొదట బాగా నడిచి, కాసేపటికి పని మధ్యలో అంకె పడిపోతే, ఫ్యాను గోల పెడుతుంటే వేడి అని అనుమానించాలి.

వేడికి మందు ఏమిటి?
ఎక్కువసార్లు కారణం దుమ్మే. ఫ్యానుకీ, దాని కింద రేకులకీ దుమ్ము పడితే గాలి ఆడదు. సారు దగ్గరుండగా కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని పొడి బ్రష్‌తో దులపాలి. తడిగుడ్డ పెట్టకూడదు. అయినా తగ్గకపోతే చిప్పుకీ రేకులకీ మధ్య రాసే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. అది మెకానిక్ పని, మనం ముట్టుకోవద్దు.

వేగం సరిగ్గా ఉన్నా కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే? అప్పుడు ప్రాసెసర్‌ని అనకండి. మెమరీ నిండిందా, డిస్క్ 100 శాతం చూపిస్తోందా అని టాస్క్ మేనేజర్‌లోనే చూడండి.

వార్డెన్ మేడం గారికి మనవి: వేసవి సెలవుల్లో మూసిన గదిలో దుమ్ము పేరుకుంటుంది. బడి తెరిచిన వారంలో ల్యాబు దులపడానికి ఒక ఆదివారం ఇప్పించండి. బ్రష్‌లు ఇస్తే మేమే చేస్తాం. ఒక్క కంప్యూటర్ బాగుపడినా నలుగురికి వంతు వస్తుంది.

— 9వ తరగతి విద్యార్థిని