రాసివ్వండన్నా!

మా వదిన వాళ్ల ఆటో దారిలో ఆగిపోయింది. తాడు కట్టి షోరూముకు లాక్కెళ్లారు. మెకానిక్ పైపైన చూశాడు.

"ఇంజను పోయిందమ్మా. 20 వేలవుతుంది" అన్నాడు.

వదిన గుండె జారింది. అయినా సంతకం పెట్టలేదు.

"ఏ సామాను పోయింది? ఎట్లా తెలిసింది? కాగితం మీద రాసివ్వండన్నా. నేను చెప్పందే ఇంజను విప్పొద్దు" అంది.

అతను నసిగాడు. ఇంజను నిజంగా పోతే రాయడానికి భయమెందుకు?

వదిన ఇంకో మెకానిక్‌కు చూపించింది. అతను ప్లగ్గు విప్పాడు. నిండా మసి! కొత్త ప్లగ్గు వేశాడు. బండి స్టార్టయింది. పాత ప్లగ్గు, బిల్లు వదిన అడిగి తీసుకుంది.

రిపేరులో మోసం జరిగితే 1915కు ఫోన్ చేయండి. అది వినియోగదారుల హెల్ప్‌లైను. ఫోనుకు ఖర్చు లేదు. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు కూడా చేయవచ్చు. అక్కడ ముందు అడిగేది బిల్లే.